ఎలుగుబంటికి ఏ తూటా సరిపోతుంది?

జీడితోటల రైతులు తరచూ అడిగే ప్రశ్న ఇది. జవాబు ఒక్కటే: మన చేతిలో ఉన్నదేదీ సరిపోదు. కాల్చకుండానే తోటనూ, ప్రాణాన్నీ కాపాడుకునే దారులు ఇవిగో.

జీడిమామిడి పిక్క గట్టిపడి రాలడం మొదలైందంటే ఉద్దానం రైతుకు రెండు పనులు పడతాయి. ఒకటి పిక్కలు ఏరుకోవడం. రెండోది ఎలుగుబంటి భయం. మార్చి నుంచి మే దాకా జీడిపండ్లు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పనసపండ్లు. ఈ వాసన పట్టుకుని మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు, కవిటి మండలాల తోటల్లోకి ఎలుగులు దిగుతాయి. రైతు తెల్లవారుజామున పిక్కలకు వెళ్లే వేళ, ఎలుగు మేత ముగించి పొదల్లోకి చేరే వేళ ఒకటే కావడంతో ప్రమాదాలు జరుగుతున్నాయి.

2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలిద్దరూ చనిపోయారు. ఆగ్రహంతో గ్రామస్థులు ఆ ఎలుగును కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో జీడితోటకు వెళ్లిన రైతు ప్రాణం పోయింది. మరునాడు మరికొందరు గాయపడ్డారు. ఆ ఎలుగుకు మత్తు ఇచ్చి పట్టుకున్నా అది కూడా బతకలేదు.

ఇలాంటి సంఘటన జరిగిన ప్రతిసారీ రచ్చబండ దగ్గర వినిపించే మాట ఒకటే. "ఒక తుపాకీ, నాలుగు తూటాలు ఉంటే ఈ బాధ ఉండదు కదా" అని. ఈ మాట ఎంతవరకు నిజం? ఎలుగును ఆపాలంటే ఎలాంటి తూటా కావాలి? మన దగ్గర ఉన్నదేమిటి? చట్టం ఏమంటుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

వేట నడిచే దేశంలో లెక్క

ఎలుగు వేటకు ఇప్పటికీ లైసెన్సు ఇచ్చే ప్రాంతాలు ప్రపంచంలో ఉన్నాయి. అందులో ముఖ్యమైనది అమెరికాలోని అలాస్కా రాష్ట్రం. అక్కడి గోధుమరంగు ఎలుగులలో పెద్ద మగది 600 కిలోలు కూడా దాటుతుంది. అక్కడ తూటా ఎంపిక పెద్ద చదువే.

మొదట చూసేది తూటా బరువు. దాన్ని గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. జింకకు వాడే 150 గ్రెయిన్ల తూటా ఎలుగుకు చాలదని అక్కడి వేటగాళ్లు చెబుతారు. .30-06 అనే రైఫిల్ అయితే 200 నుంచి 220 గ్రెయిన్లు, అంటే 13, 14 గ్రాముల తూటా కావాలంటారు. అంతకన్నా పెద్దదైన .375 మాగ్నమ్‌లో 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాములకు పైబడిన తూటా వాడతారు.

రెండోది తూటా తయారీ. తూటా లోపల సీసం, పైన రాగి తొడుగు ఉంటాయి. మెత్తటి తూటా భుజం ఎముకకు తగలగానే ముక్కలై చర్మం కిందే ఆగిపోతుంది. జంతువు పడదు, గాయపడుతుంది. అందుకే సీసం, రాగి విడిపోకుండా అతికించిన తూటాలను ఎలుగు వేటకు ఎంచుకుంటారు. అవి ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకున్నా బరువు కోల్పోకుండా ఎముక దాటి గుండె, ఊపిరితిత్తుల దాకా వెళ్తాయి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తగిలే చోటు. ఎంత పెద్ద తూటా అయినా పొట్టలోనో, కాలికో తగిలితే ఎలుగు చావదు. అందుకే పగటి వెలుతురులో, జంతువు పక్కకు తిరిగి కదలకుండా ఉన్నప్పుడే కాల్చాలని నేర్పుతారు. వేటకు ముందు నెలల తరబడి గురి సాధన చేస్తారు. బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు గైడునో, అక్కడే ఉండే దగ్గరి బంధువునో వెంట పెట్టుకోకుండా గోధుమ ఎలుగు వేటకు వెళ్లకూడదు. ఇన్ని ఉండి కూడా అక్కడ గాయపడ్డ ఎలుగు పొదల్లో దూరితే దాని వెనుక వెళ్లడమే వేటలో అన్నిటికన్నా ప్రమాదమైన పని.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, "తుపాకీ ఉంటే చాలు" అనే మాటలో తుపాకీ ఒక్కటే లేదని తెలియాలి. సరైన రైఫిలు, సరైన తూటా, వెలుతురు, దూరం, సాధన, వెంట మరో తుపాకీ, ఇవన్నీ ఉంటేనే అది వేట. లేకపోతే ఎలుగును రెచ్చగొట్టడమే.

మన దగ్గర ఉన్నది ఏమిటి?

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద పంట రక్షణకు రైతుకు ఇచ్చేది రైఫిలు కాదు. గొట్టం మూతి నుంచి మందు, గుళ్లు కూరే మజిల్ లోడింగ్ తుపాకీ. ఆత్మరక్షణకైతే గొట్టం లోపల నున్నగా ఉండే బోరు తుపాకీ. రైఫిలు గొట్టంలో మెలికల గాడులు ఉంటాయి. తూటా గిర్రున తిరుగుతూ సూటిగా పోవడానికి అవే కారణం. నున్నటి గొట్టంలో ఆ గాడులు లేవు కాబట్టి గుళ్లు చెదిరిపోతాయి. దూరం పెరిగేకొద్దీ బలం తగ్గిపోతుంది.

మజిల్ లోడరులో ఒక్కసారే కాల్చగలం. మళ్లీ మందు పోసి, గుడ్డ కుక్కి, గుళ్లు వేసి, క్యాపు పెట్టేసరికి ఎంత చేయి తిరిగినవాడికైనా అర నిమిషం పడుతుంది. ఎలుగు గంటకు 30 కిలోమీటర్లు పరుగెత్తగలదు. అంటే పది మీటర్ల దూరం దానికి ఒకటిన్నర సెకను లోపు పని. రెండో దెబ్బకు వ్యవధే ఉండదు.

మన ఎలుగు అలాస్కా ఎలుగంత పెద్దది కాదు కదా అనవచ్చు. నిజమే. మగది 80 నుంచి 145 కిలోలు, ఆడది అంతకన్నా తక్కువ ఉంటుంది. కానీ దాని ఒంటిమీద జూలు పొడవుగా, వదులుగా వేలాడుతూ ఉంటుంది. చీకట్లో చూస్తే ఒక నల్లటి కుప్పలా కనిపిస్తుందే తప్ప భుజం ఎక్కడో, పొట్ట ఎక్కడో తెలియదు. పిట్టలకు, కుందేళ్లకు వాడే చిన్న గుళ్లు ఆ జూలులో, కింది దళసరి చర్మంలో ఆగిపోతాయి. పెద్ద గుండు వేసినా చీకట్లో తగిలేది గుండెకు కాదు, కాలికో దవడకో.

దవడ విరిగిన ఎలుగు ఏం చేస్తుంది? చెదలు తినలేదు, పండు కొరకలేదు. నొప్పితో, ఆకలితో అదే తోటల్లో వారాల తరబడి తిరుగుతుంది. కాల్చినవాడు ఇంటికి వెళ్లిపోతాడు. మరునాడు పిక్కలు ఏరడానికి వెళ్లిన పక్కతోట ఆడమనిషి మీద అది పడుతుంది. తుపాకీ పేల్చి ఒక ఎలుగును తరిమామనుకున్న ఊరు అంతకన్నా ప్రమాదమైన ఎలుగును తయారు చేసుకున్నట్టే.

లైసెన్సు లేని నాటు తుపాకీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో దొరికితేనే 2 నుంచి 5 ఏళ్ల జైలు. పైగా గొట్టం చీలి సొంత చెయ్యి, కన్ను పోగొట్టుకునే ప్రమాదం.

చట్టం ఏమంటుంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఇప్పుడు ఆ చట్టంలో ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో, అంటే పులి, ఏనుగుతో సమానంగా ఉంది. దాన్ని వేటాడితే 3 ఏళ్లకు తగ్గకుండా 7 ఏళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా. వేట అంటే చంపడం ఒక్కటే కాదు. గాయపరచడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, పట్టడానికి ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. తుపాకీ, బండి కూడా స్వాధీనం చేసుకుంటారు. పంట పాడు చేస్తున్నది కాబట్టి కాల్చాను అంటే ఎలుగు విషయంలో ఆ సాకు చెల్లదు.

అయితే చట్టం రైతును పూర్తిగా వదిలేయలేదు. ఎలుగు మీద పడినప్పుడు తన ప్రాణం కోసమో, పక్కవాడి ప్రాణం కోసమో సదుద్దేశంతో కొట్టి, అది చనిపోయినా నేరం కాదని 11వ సెక్షను చెబుతుంది. కానీ ఇక్కడొక మెలిక ఉంది. ఆ సమయంలో మనం చట్టవిరుద్ధమైన పనిలో ఉండకూడదు. అడవిపందికి ఉచ్చు వేయడానికి వెళ్లి ఎలుగు చేత చిక్కితే ఈ రక్షణ దొరకదు. ఎలుగు చనిపోతే కళేబరం ప్రభుత్వానిది. గోళ్లు, వెంట్రుకలు, పిత్తం తీసుకోవడం మరో నేరం. తాయెత్తులకని, మందులకని అడిగేవాళ్లకు ఇచ్చి చిక్కుల్లో పడవద్దు.

మనుషుల ప్రాణాలకు ప్రమాదంగా మారిన ఎలుగును ఏం చేయాలో నిర్ణయించే అధికారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడిది. పట్టడం, మత్తు ఇవ్వడం, వేరే చోటికి తరలించడం ఏదీ సాధ్యం కాదని తేలితేనే చంపడానికి రాతపూర్వకంగా అనుమతి ఇస్తారు. అందుకే ఎలుగు తిరుగుతున్నదని తెలిసినప్పుడు అటవీ శాఖకు నోటిమాటతో సరిపెట్టకుండా, గ్రామ పంచాయతీ ద్వారా కాగితం మీద పెట్టాలి. ఎన్నిసార్లు కనిపించింది, ఎక్కడ, ఏ వేళలో అన్నది రాయాలి. తర్వాత పరిహారానికీ ఈ కాగితమే ఆధారం.

నాటు బాంబు, కరెంటు తీగ వద్దే వద్దు

తుపాకీ లేనివాళ్లు కొందరు పందుల కోసం నాటు బాంబులు పెడుతున్నారు. పిండిముద్దలో మందు పెట్టిన ఉండను పంది ఒక్కటే కొరకదు. ఎలుగు కొరుకుతుంది, ఆవు కొరుకుతుంది, ఆడుకునే పిల్లవాడు చేత్తో పట్టుకుంటాడు. నోరు పగిలిన ఎలుగు సంగతి పైన చెప్పుకున్నాం.

స్తంభం నుంచి నేరుగా 230 వోల్టుల కరెంటు లాగి తీగకు ఇవ్వడం ఇంకా ఘోరం. రాత్రి నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క రైతు, తీగ సంగతి మరిచిన ఇంటి యజమాని ఇలాగే పోతున్నారు. మనిషి పోతే జైలు, ఎలుగు పోతే జైలు, కరెంటు దొంగతనం కేసు అదనం.

ఎలుగు తోటకు ఎందుకొస్తుంది?

ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదలను గాలితో సహా పీల్చుకుంటుంది. ముందు కాళ్ల గోళ్లు వేలెడు పొడవుంటాయి. పుట్ట తవ్వడానికి దేవుడిచ్చిన గునపాలు అవి. అవే గోళ్లు మనిషి ముఖానికి తగిలితే కన్ను, దవడ మిగలవు.

ముక్కు చాలా చురుకు. చూపు, వినికిడి మాత్రం అంత గొప్పవి కావు. పుట్ట తవ్వుతూ, పండు తింటూ ఉన్నప్పుడు తన ఊపిరి చప్పుడే తనకు వినిపిస్తుంది. గాలి ఎదురుగా ఉంటే మనం పది అడుగుల దగ్గరికి వచ్చేదాకా తెలియదు. తెలిసిన క్షణంలో బెదిరిపోయి మీద పడుతుంది. దాడులలో ఎక్కువ భాగం ఇలాంటివే. పగతోనో, ఆకలితోనో చేసేవి కావు. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం ప్రమాదం తప్పినట్టే. మనం వస్తున్నట్టు దానికి ముందే తెలిసిపోవాలి.

తల్లి ఎలుగు చలికాలంలో గుహలో, బండల సందులో ఈనుతుంది. మామూలుగా ఒకటి రెండు పిల్లలు. రెండు మూడు నెలలకు వాటిని వీపున వేసుకుని బయటికి వస్తుంది. అంటే సరిగ్గా జీడి కాపుకు వచ్చే రోజులకు తల్లి వీపు మీద పిల్లలు ఉంటాయి. వాటి జోలికి వచ్చారనుకుంటే తల్లి ఆగదు. మగ ఎలుగులకు భయపడి పిల్లలతల్లి పగటిపూట కూడా తిరుగుతుంది. పగలు కదా ఏం భయం అనుకోకూడదు.

ఇక తోటల సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి, పనస చెట్లు లక్షల్లో కూలాయి. కూలిన చెట్లు తీయలేని తోటల్లో పొదలు అల్లుకున్నాయి. ఇసుక నేలల్లో మొగలి పొదలు ఎటూ ఉన్నాయి. కొమ్మలు నేలను తాకే జీడిచెట్టు కింద పగలంతా చల్లగా, చీకటిగా ఉంటుంది. ఎలుగుకు అంతకన్నా మంచి పడక దొరకదు. తిండి అక్కడే, నీడ అక్కడే. ఇక కొండకు ఎందుకు వెళ్తుంది?

తోటలో చేయాల్సిన పనులు

ఖర్చు లేనివి, ఉన్న కూలీలతోనే చేయగలిగినవి ముందు చెబుతాం.

1. పిక్క తీసిన జీడిపండ్లను తోటలో కుప్పపోయవద్దు. రెండో రోజుకే పులిసి వాసన ఊరంతా కొడుతుంది. ఎలుగుకు అదే పిలుపు. ఏ రోజువి ఆ రోజు మోకాలి లోతు గోతిలో వేసి మట్టి కప్పాలి. పేడతో కలిపి కప్పితే వానాకాలానికి ఎరువవుతుంది.

2. పనసకాయను చెట్టున పండనివ్వవద్దు. ముదిరిన కాయ కోసి ఇంటి దగ్గర పండించుకోవాలి. అమ్మకానికి పనికిరాని కాయలను కూడా కోసేయాలి. ఒక్క పండు రాలి పగిలినా ఆ రాత్రికి ఎలుగు వస్తుంది. ఒకసారి తిన్న చోటికి మళ్లీ మళ్లీ వస్తుంది.

3. జీడి కోత అయ్యాక, వానలు పడే ముందు, కింది కొమ్మలు కత్తిరించాలి. మనిషి వంగకుండా చెట్టు కింద ఈ చివరి నుంచి ఆ చివరికి కనిపించాలి. దీనివల్ల గాలి, వెలుతురు ఆడి చెట్టుకు మేలు. పిక్క ఏరడం తేలిక. ఎలుగు పడుకోదు. ఒక్క పనికి మూడు లాభాలు.

4. తోటకు వెళ్లే దారికి, బావికి, మోటారుకు చుట్టూ పది మీటర్ల మేర పొదలు కొట్టేయాలి. తోటంతా కొట్టలేకపోయినా మనం రోజూ నడిచే చోటైనా తెరిపిగా ఉండాలి.

5. గోడ లేని నేలబావికి నడుమెత్తు గోడ కట్టాలి. లేదా ముళ్లకంప గట్టిగా వేయాలి. రాత్రి ఎలుగు పడితే తెల్లారి ఊరంతా అక్కడే ఉంటుంది. ప్రమాదమంతా అక్కడే.

6. పిక్కలకు సూర్యుడు బాగా పైకి వచ్చాకే వెళ్లాలి. దొంగలు ఏరుకుపోతారని చీకటితో వెళ్లేవాళ్లు ఎక్కువ. ఆ భయం నిజమే. అలాంటప్పుడు పక్కతోటల వాళ్లు నలుగురైదుగురు కలిసి వంతులవారీగా కాపలా పెట్టుకోవాలి. సన్నకారు రైతు ఒక్కడే జీతగాణ్ణి పెట్టుకోలేడు. పది ఎకరాలు కలిస్తే పెట్టుకోగలరు.

7. ఒంటరిగా వెళ్లవద్దు. నడుస్తూ గట్టిగా మాట్లాడుకోవాలి, పాట పాడుకోవాలి, రేడియో పెట్టుకోవాలి. చేతికర్రకు గజ్జెలు కట్టుకుంటే అడుగు అడుగుకీ చప్పుడవుతుంది. సాయంత్రమైతే టార్చిలైటు తప్పనిసరి.

8. కుక్కను వెంట తీసుకెళ్లవద్దు. అది ఎలుగును మొరిగి రెచ్చగొడుతుంది. ఎలుగు తిరగబడగానే పరుగెత్తి యజమాని కాళ్ల దగ్గరికే వస్తుంది, వెనకే ఎలుగు.

సోలారు కంచె

డబ్బు పెట్టగలిగినవాళ్లు, లేదా నలుగురు కలిసి పెట్టుకోగలిగినవాళ్లు సోలారు కంచె వేసుకోవచ్చు. దొంగ కరెంటు తీగకూ దీనికీ తేడా తెలుసుకోవాలి. సోలారు కంచెలో బ్యాటరీ నుంచి ఎనర్జైజర్ అనే పెట్టె ద్వారా కరెంటు సెకనుకొకసారి ఒక్క క్షణం మాత్రమే వస్తుంది. షాకు కొడుతుంది, చంపదు. ప్రమాణాలకు తగ్గ కంపెనీ ఎనర్జైజరే కొనాలి. సొంతంగా తయారు చేసినవి వద్దు.

ఎలుగు తీగను దాటి దూకదు, కింద దూరుతుంది లేదా తవ్వుతుంది. అందుకే కింది తీగ మోకాలి కన్నా కిందికి ఉండాలి. గడ్డి, కొమ్మలు తీగకు తగిలితే షాకు నేలలోకి పోతుంది. వారానికి ఒకసారి కంచె వెంట శుభ్రం చేయాలి. మన ఇసుక నేలల్లో ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలం ఇసుక ఎండిపోతే ఎర్తు సరిగా పనిచేయదు. ఎర్తు కడ్డీలు తేమ ఉన్న లోతు దాకా దింపి, రోజూ ఒక బిందె నీళ్లు పోయాలి. ఈ ఒక్కటి మరిచి కంచె పనిచేయడం లేదనుకునేవాళ్లున్నారు.

ఎదురుపడితే ఏం చేయాలి?

దూరంగా ఉండి మనల్ని చూడకపోతే చప్పుడు లేకుండా వచ్చిన దారినే వెనక్కి మళ్లాలి. చూసిందనుకుంటే పరుగెత్తవద్దు. వీపు తిప్పవద్దు. మెల్లగా మాట్లాడుతూ ఒక్కో అడుగూ వెనక్కి వేయాలి. మనిషినని దానికి తెలియాలి, దారి వదిలానని తెలియాలి. పిల్లలకూ తల్లికీ మధ్య ఎప్పుడూ నిలబడవద్దు. చెట్టెక్కడం మార్గం కాదు. ఎలుగు మనకన్నా బాగా చెట్టెక్కుతుంది.

మీద పడింది, ఇక తప్పదు అనుకుంటే బోర్లా పడుకోవాలి. రెండు చేతులూ మెడ వెనుక గట్టిగా పెనవేసి, మోచేతులతో ముఖం కప్పుకోవాలి. ఎలుగు ముందు తల, ముఖం మీదే కొడుతుంది. వీపు మీద గాయం మానుతుంది, కన్ను పోతే తిరిగి రాదు. కదలకుండా ఉంటే చాలాసార్లు కొట్టి వెళ్లిపోతుంది. అది దూరం వెళ్లేదాకా లేవవద్దు. పక్కన ఉన్నవాళ్లు విడిపోకుండా ఒక్కచోట గుంపుగా నిలబడి అరవాలి.

ఊళ్లోకి వస్తే

పగలు ఎలుగు ఊరి దగ్గర పొదలోనో, పాడుబడ్డ ఇంట్లోనో చిక్కుకుంటే జనం పోగై చుట్టుముట్టడం, రాళ్లు వేయడం, సెల్‌ఫోనులో ఫోటోలు తీయడం జరుగుతున్నాయి. ఎక్కువమంది గాయపడేది ఇక్కడే. దాన్ని ఒదిలేస్తే చీకటి పడ్డాక తన దారిన తాను పోతుంది. పెద్దలు పూనుకుని జనాన్ని ఇళ్లలోకి పంపాలి. కొండవైపు దారి ఖాళీగా వదలాలి. అటవీ శాఖ సెక్షను ఆఫీసరుకు, రేంజి ఆఫీసుకు ఫోను చేయాలి. ఆ నంబర్లు పంచాయతీ ఆఫీసు గోడ మీద రాసి పెట్టుకోవాలి. అత్యవసరమైతే 112.

మత్తు ఇంజక్షను వేస్తే అక్కడికక్కడే పడిపోతుందనుకుంటారు. అలా జరగదు. బరువు చూసి పశువైద్యుడు మోతాదు కడతాడు. మందు పట్టడానికి కొన్ని నిమిషాలు కావాలి. ఆ సమయంలో కేకలు, పరుగులు ఉంటే మందు సరిగా పట్టదు. బెదిరిన ఎలుగు జనం మీదికి రావచ్చు, లేదా ఎండకు తాళలేక చనిపోవచ్చు.

గాయమైతే

రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి 108కి ఫోను చేయాలి. పెద్ద రక్తస్రావం లేని గాయాలను సబ్బు, ధారగా పోసే నీళ్లతో పావుగంట కడగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు పెట్టవద్దు. ఎలుగు కరిచినా రేబిస్ రావచ్చు. కాబట్టి ఆస్పత్రిలో రేబిస్ టీకాలు, గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్, ధనుర్వాతం ఇంజక్షను అడిగి వేయించుకోవాలి. టీకాల కోర్సు మధ్యలో మానవద్దు.

పరిహారం, కాగితాలు

వన్యప్రాణుల దాడిలో మనిషి చనిపోయినా, శాశ్వతంగా పనిచేయలేని స్థితికి వచ్చినా ఇచ్చే సాయాన్ని కేంద్రం తన పథకంలో 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. తీవ్ర గాయానికి 2 లక్షలు, చిన్న గాయాలకు వైద్య ఖర్చు 25 వేల దాకా. పంట నష్టానికి రాష్ట్రం నిర్ణయించిన లెక్క వర్తిస్తుంది. ఆ మొత్తం ఎంతో రేంజి ఆఫీసులో అడిగి దరఖాస్తు ఫారం తీసుకోవాలి.

ప్రాణం పోతే పోలీసు ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, వారసుల ధ్రువపత్రం కావాలి. గాయమైతే ప్రభుత్వ ఆస్పత్రి కాగితాల్లో 'ఎలుగు దాడి' అని రాయించుకోవాలి. ఈ మాట లేకపోతే తర్వాత కష్టం. పంట నష్టమైతే పాస్ పుస్తకం నకలు, ఫోటోలు పెట్టాలి. అటవీ సిబ్బంది వచ్చి చూసేదాకా గోళ్ల గుర్తులు, అడుగులు చెరపవద్దు.

పంటల బీమాలో కూడా ఒక మార్పు వచ్చింది. అడవి జంతువుల వల్ల నష్టాన్ని ప్రధానమంత్రి ఫసల్ బీమాలో అదనపు రక్షణగా చేర్చుతున్నట్టు, 2026 ఖరీఫ్ నుంచి అమలుకు వీలు కల్పిస్తున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలి. అయితే ఏ జిల్లాకు, ఏ పంటకు, ఏ జంతువుకు అన్నది రాష్ట్రమే నోటిఫై చేయాలి. జీడికి ఎటూ వస్తుందిలే అనుకుని కూర్చోకుండా రైతు సేవా కేంద్రంలో ముందే అడగాలి.

ఈ సీజనుకు ముందే

కాపు మొదలయ్యాక అన్నీ ఒకేసారి చేయలేం. దారి వెంట పొదలు ఇప్పుడే కొట్టించాలి. జీడిపండ్లకు గోతులు ఇప్పుడే తీసిపెట్టుకోవాలి. పక్కతోటల వాళ్లతో కలిసి కాపలా వంతులు రాసుకోవాలి. పంచాయతీలో తీర్మానం చేసి రేంజి ఆఫీసుకు పంపాలి. ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు బోర్లా పడుకుని మెడ కప్పుకునే తీరు ఒకసారి చేసి చూపించాలి. ఒక తూటా ఖర్చుతో ఇవన్నీ అవుతాయని కాదు. ఏ తూటా చేయలేని పని ఇవి చేస్తాయి.